తారుమారు మాటల స్పూనర్ పండితుడు

ఇంగ్లీషు నిఘంటువులో మనుషుల పేర్ల మీద పుట్టిన మాటలు చాలా ఉన్నాయి. బాయ్‌కాట్ అన్నది ఒక దొర పేరు, శాండ్‌విచ్ అన్నది ఒక ప్రభువు బిరుదు. స్పూనరిజం కూడా ఆ కోవలోనిదే. రెండు మాటల మొదటి శబ్దాలు ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చుంటే ఆ తమాషాను స్పూనరిజం అంటారు. మన భాషలో నీళ్ల బిందె అనబోయి బీళ్ల నిందె అన్నట్టన్న మాట. ఇంగ్లీషులో సీతాకోకచిలుకను బటర్‌ఫ్లై అంటారు కదా. దానిని ఇలా మారిస్తే ఫ్లటర్‌బై అవుతుంది, అంటే రెక్కలల్లార్చుకుంటూ పోయేది. అసలు పేరుకన్నా తారుమారైన పేరే దానికి బాగా నప్పుతుంది. ఈ సరదాకు తన పేరు ఇచ్చిన పెద్దమనిషి జీవితం మాత్రం సరదాగా గడిచినది కాదు. మన వంటి విశ్రాంత ఉద్యోగులు తెలుసుకోదగిన జీవితం అది.

విలియం ఆర్చిబాల్డ్ స్పూనర్ 1844 జూలై 22న లండన్‌లో జన్మించారు. పుట్టుకతోనే చర్మానికి, జుట్టుకు రంగు లేదు. పొట్టి మనిషి, చూపు బాగా మందం. పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుంటే తప్ప అక్షరాలు ఆనేవి కావు. అయినా చదువులో వెనుకబడలేదు. 1862లో స్కాలర్‌షిప్ సంపాదించి ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీలో చేరారు. అంతకుముందు ఆ కాలేజీలో వించెస్టర్ పాఠశాల నుంచి వచ్చినవారికే చోటుండేది. ఆ ఆనవాయితీ సడలిన తరువాత బయటినుంచి వచ్చిన తొలి విద్యార్థి ఆయనేనని చెబుతారు.

అలా అడుగుపెట్టిన కాలేజీని ఆయన మళ్లీ విడిచిపెట్టలేదు. 1867లో ఫెలో అయ్యారు. తరువాత లెక్చరర్, ట్యూటర్ పదవులు వచ్చాయి. 1875 నాటికి క్రైస్తవ గురువుగా దీక్ష కూడా పొందారు. 1876 నుంచి 1889 వరకు డీన్‌గా, 1903 నుంచి 1924 వరకు కాలేజీ అధిపతి అయిన వార్డెన్‌గా పనిచేశారు. ప్రాచీన చరిత్ర, తత్త్వశాస్త్రం, మతశాస్త్రం బోధించారు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ గ్రంథాన్ని పరిష్కరించి 1891లో ప్రకటించారు. 1901లో బిషప్ బట్లర్ జీవితచరిత్ర రాశారు. 1914లో మొదలైన ప్రపంచ యుద్ధం తరగతి గదులను ఖాళీ చేసినప్పుడు కాలేజీ భారం మోసినది ఆయనే. విద్యార్థిగా చేరిన నాటినుంచి పదవీ విరమణ దాకా లెక్క చూస్తే 62 సంవత్సరాలు ఒకే ఆవరణలో గడిపారు.

ఇంత సర్వీసు ఒక ఎత్తు, ఒక్క తడబాటు ఒక ఎత్తు అయింది. 1879లో ప్రార్థన మందిరంలో ఒక కీర్తనను ప్రకటిస్తూ, జయించే రాజులు అనే అర్థమిచ్చే కాంకరింగ్ కింగ్స్ అన్న మాటలను కింకరింగ్ కాంగ్స్ అన్నారని ప్రసిద్ధి. కుర్రవాళ్లకు ఇంకేం కావాలి? 1885 ప్రాంతానికే స్పూనరిజం అన్న మాట ఆక్స్‌ఫర్డ్‌లో చెలామణీలోకి వచ్చింది. విద్యార్థులు, తోటి అధ్యాపకులు కూర్చుని కొత్త కొత్త తారుమార్లు అల్లి, అవన్నీ ఆయన నోటినుంచి వచ్చినవేనని ప్రచారం చేశారు. బాగా నూనె వేసిన సైకిలు అనే అర్థంలో వెల్ ఆయిల్డ్ బైసికిల్ అనబోయి, వెల్ బాయిల్డ్ ఐసికిల్, అంటే బాగా ఉడికిన మంచుకడ్డీ అన్నారన్నది వాటిలో పేరుపడినది. ఆయన అలా అన్నట్టు ఆధారం లేదు. నిజానికి ఈ ఆట ఆయనకన్నా పాతది. అంతకుముందే లండన్‌లో వైద్య విద్యార్థులు ఇలా మాటలు తిప్పి మాట్లాడుకునేవారు, దానిని మారౌస్కీ అనేవారు.

ఈ కీర్తి స్పూనర్ గారికి రుచించలేదు. తనను చుట్టుముట్టి ఏదైనా మాట్లాడమని కోరిన విద్యార్థులతో, వారికి కావలసింది ఉపన్యాసం కాదని, తన నోట ఒక తారుమారు మాట వినడమేనని ఆయన అన్నట్టు చెబుతారు. కాంకరింగ్ కింగ్స్ తప్ప మిగిలినవేవీ తనవి కావని చివరి రోజుల్లో చెప్పుకున్నారు.

ఇలాంటి తడబాటు తెలివితక్కువతనం కాదని తరువాతి పరిశోధకులు తేల్చారు. 1970లలో అమెరికాలో విక్టోరియా ఫ్రామ్కిన్ అనే భాషాశాస్త్రవేత్త నోరు జారిన మాటలను వేల సంఖ్యలో సేకరించి పరిశీలించారు. మనం మొదటి మాట పలికేలోగానే మనసు తరువాతి మాటను సిద్ధం చేసి ఉంచుతుంది. సిద్ధంగా ఉన్న ఆ శబ్దం ఒక్కోసారి తన వంతు రాకముందే ముందుకు దూకుతుంది. నాలుకకన్నా మనసు ముందు నడుస్తుందనడానికి ఇది నిదర్శనం. అప్పుడప్పుడు ఇలా జరగడం ఏ వయసు వారికైనా సహజమే.

స్పూనర్ 1930 ఆగస్టు 29న కన్నుమూశారు. సరస్సుల సీమలోని గ్రాస్మియర్‌లో ఆయన సమాధి ఉంది. అదే కాలేజీకి తరువాతి కాలంలో వార్డెన్‌గా ఉన్న సర్ విలియం హేటర్ 1977లో ఆయన జీవితచరిత్ర ప్రకటించారు. అల్లిన కథలను పక్కకు తీసి, అసలు మనిషిని చూపడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

మన ఆఫీసుల్లోనూ ఇలాంటివారు లేకపోలేదు. ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద కళ్లు కాయలు కాచేలా పనిచేసిన పెద్దమనిషి, ఎవరో తగిలించిన ముద్దుపేరుతోనో, ఒకనాటి నోటి జారుతోనో మాత్రమే గుర్తుంటాడు. నవ్వుకోవడంలో తప్పు లేదు. ఆ నవ్వు పక్కనే ఆయన చేసిన పని కూడా మన పిల్లలకు చెబుదాం. వీలైతే రాసి పెడదాం. స్పూనర్ గారికి ఒక హేటర్ దొరికారు. మన సహోద్యోగులకు మనమే దొరకాలి.