గుడిబండ నుంచి వెండితెరకు కత్తి కాంతారావు

కోదాడ: ఇప్పటి పిల్లలు సెల్‌ఫోన్లలో, టీవీల్లో సూపర్ హీరోల సినిమాలు చూసి కేరింతలు కొడుతున్నారు. ఒకడు ఆకాశంలో ఎగురుతాడు, ఒకడు సాలీడులా గోడలు పాకుతాడు, మరొకడు సుత్తి విసిరితే కొండలు పగులుతాయి. ఇవన్నీ ఎక్కడా లేని వింతలని పిల్లలు అనుకోవచ్చు గాని, వారి తాతలు డేరా సినిమాలో నేల టికెట్టు కొనుక్కుని ఇటువంటి వింతలు ఎన్నో చూసినవారే. ఆనాడు కోట గోడలు దూకింది, రెక్కల గుర్రం ఎక్కింది, మాంత్రికుడి గుహలోకి ఒంటరిగా చొరబడింది రాకుమారుడు. ఆ రాకుమారుడి వేషంలో తెలుగునాట ఇంటింటా తెలిసిన మనిషి మన గుడిబండ వాస్తవ్యులు కీర్తిశేషులు టి.ఎల్.కాంతారావు. జనం పెట్టుకున్న పేరు కత్తి కాంతారావు.

తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబరు 16న కోదాడ సమీపంలోని గుడిబండ గ్రామంలో జన్మించారు. అప్పటికిది నిజాం ఏలుబడిలోని నల్గొండ జిల్లా. 2016 నుంచి సూర్యాపేట జిల్లా. ఆ రోజుల్లో కచేరీలోనూ బడిలోనూ ఉర్దూదే పెత్తనం. అయినా పల్లెల్లో తెలుగు భాగవతానికి, హరికథకు, నాటకానికి కొదువ లేదు. సురభి వారి నాటకాల్లో మాయలు, మంటలు, ఆకాశ గమనాలు చూసి జనం నోళ్లు తెరిచేవారు. తెర మీద తర్వాత వచ్చిన ట్రిక్కులకు మూలం చాలా వరకు అక్కడే ఉంది. కాంతారావుకు చిన్ననాడే నాటకాల పిచ్చి పట్టింది. భూములున్న కుటుంబం. ఊళ్లోనే ఉంటే తిండికి, మర్యాదకు లోటు లేదు. ఆయన అది వదులుకుని మద్రాసు దారి పట్టారు.

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) తీసిన హెచ్.ఎం.రెడ్డి కంట పడడం ఆయనకు కలిసి వచ్చింది. 1951లో నిర్దోషి చిత్రంలో రెడ్డిగారు ఆయనకు చిన్న వేషం ఇచ్చారు. 1953లో ప్రతిజ్ఞ చిత్రానికి ఏకంగా కథానాయకుణ్ణి చేశారు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన రాజనాల కాళేశ్వరరావుకు కూడా ప్రతిజ్ఞే తొలి చిత్రం. అందులో ఆయనది ప్రతినాయకుడి వేషం. ఆ తరువాత ఈ ఇద్దరూ తెర మీద ఎన్నిసార్లు కత్తులు దూసుకున్నారో లెక్క పెట్టడం కష్టం.

1951లో వచ్చిన పాతాళభైరవి జానపద చిత్రాలకు పెద్ద గిరాకీ తెచ్చింది. దానితో ఎన్.టి.రామారావు జానపద వీరుడుగా జనం గుండెల్లో నిలిచారు. పెద్ద పెట్టుబడి, పెద్ద సెట్టింగులు ఉన్న కంపెనీలు రామారావుగారి కోసం వెళ్లేవి. తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో తీసేవారికి కాంతారావు దొరికారు. దీన్ని చిన్నతనంగా చెప్పడం లేదు. పెద్ద సినిమా ఎప్పుడో ఒకటి వస్తుంది, తక్కిన వారాలన్నిటా పల్లెటూరి డేరాను నడిపినవి ఈ రెండో రకం చిత్రాలే.

వాటిని తీయడంలో దిట్ట బి.విఠలాచార్య. కర్ణాటకలో ఉడుపి వద్ద ఉద్యావరలో 1920లో పుట్టి, హోటలు నడిపి, పిమ్మట టూరింగ్ టాకీసులు నడిపిన మనిషి. నేల మీద కూర్చున్నవాడు ఎక్కడ ఈల వేస్తాడో, ఎక్కడ లేచి బీడీకి బయటకు పోతాడో కళ్లారా చూసినవాడు. ఆయన దర్శకత్వంలో కాంతారావు నటించిన జయవిజయ 1959లో, కనకదుర్గ పూజా మహిమ 1960లో వచ్చాయి. ఆపైన మదనకామరాజు కథ, గురువును మించిన శిష్యుడు, నవగ్రహ పూజా మహిమ, 1965లో జ్వాలాద్వీప రహస్యం వచ్చాయి. చాలా వాటిలో నాయిక కృష్ణకుమారి.

ఈ చిత్రాల్లో మాయలు ఎలా చేశారంటే, నేడు వింటే నవ్వు వస్తుంది. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ తిప్పడమే. మిగతా వారు ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడాలి. ఫిలింలో సగం నల్లగా మూసి ఒక వైపు తీసి, వెనక్కి తిప్పి రెండో వైపు తీస్తే ఒకే నటుడు ఇద్దరుగా కనిపిస్తాడు. ఎత్తయిన గోడ మీదికి ఒక్క ఊపున ఎగరాలంటే, పైనుంచి కిందికి దూకి ఆ ముక్కను తిరగేసి చూపేవారు. సన్నని తీగలు, అట్ట కోటలు, పొగ. ఇంతే సరంజామా. కంప్యూటర్ వచ్చాక ఇవన్నీ పిల్ల చేష్టలయ్యాయి. అయినా ఆ చిత్రాలు జనాన్ని కట్టి కూర్చోబెట్టాయంటే కారణం మాయల్లో లేదు, మరొక చోట ఉంది.

కాంతారావు సన్నని మనిషి. కండలు తిరిగిన దేహం కాదు. ఎదురుగా రాజనాల నిలబడి గట్టిగా నవ్వితే, ఈ కుర్రవాడు ఈ రోజు చచ్చాడురా అని చూసేవాడికి అనిపించేది. సరిగ్గా అక్కడే ఉంది కిటుకు. రాకుమారుడు మొదట ఓడిపోవాలి. కత్తి చేజారాలి. అతణ్ణి గొలుసులతో కట్టాలి, లేదా మునిశాపం తగలాలి, లేదా తల్లి చెరలో ఉండి చేతులు కట్టేయాలి. మాంత్రికుణ్ణి చంపాలంటే వాడి ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉండాలి. బాలనాగమ్మ కథ వింటూ పెరిగిన పల్లె జనానికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. గెలుస్తాడని అందరికీ తెలుసు. ఎలా గెలుస్తాడో తెలియదు. ఆ తెలియని అరగంట కోసమే టికెట్టు.

ఈనాటి సూపర్ హీరో చిత్రాలు కొన్ని చూసి ఈ విలేకరికి కలిగిన అభిప్రాయం ఒకటుంది. మొదటి పది నిమిషాల్లోనే వీరుడు నగరాన్నంతా ఒంటిచేత్తో ఎత్తేస్తే, ఇక ఆ తర్వాత చూడడానికి మిగిలేదేమిటి? దెబ్బ తగలని వాడి మీద ఎవరికీ బెంగ ఉండదు. 1964లో విఠలాచార్య రామారావుతో తీసిన అగ్గిపిడుగులో ఇద్దరు కవలలు. ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడికి నొప్పి. బలవంతుడికి అంతుచిక్కని చోట నొప్పి పెట్టడం ఎంత పసందైన ఏర్పాటో చూడండి.

కంటికి కనిపించేది ఇదయితే, చెవికి వినిపించేది మరొకటి. సినిమా కత్తులు నిజంగా అంత మోగవు. తెర మీద ఖణేల్ మని వినిపించే చప్పుడు ఇనుముతో ఇనుము కొట్టి తర్వాత చేర్చేది. ఎండు కొబ్బరి చిప్పలను బల్ల మీద కొట్టి గుర్రపు డెక్కల చప్పుడు పుట్టించడం, పలచని రేకును ఊపి ఉరుము తెప్పించడం నాటకాల నాటి నుంచి ఉన్న విద్యే. డేరా బయట టికెట్టు దొరకక నిలబడ్డ పిల్లలు ఆ చప్పుళ్లు విని లోపల కథ ఎంతవరకు వచ్చిందో చెప్పేసేవారు.

ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది. సినిమా మొత్తాన్ని కుదించి, మాటలు, పాటలు మాత్రం వినిపించేవారు. పంచాయతీ రేడియో ముందు చేరిన వారిలో ఆ సినిమా చూడనివారే ఎక్కువ. చూడకుండా కత్తియుద్ధం వింటే మామూలుగా అది ఉత్త గలభా. ఎవరు గెలుస్తున్నారో తెలియదు. నాయిక కెవ్వుమన్నప్పుడు, రాజనాల నవ్వు హఠాత్తుగా ఆగినప్పుడు తెలుస్తుంది. ఆ ఒక్క క్షణం నిశ్శబ్దం వంద కత్తుల పెట్టు. అందుకే రేడియోలో గొంతులు వేరువేరుగా తెలియడం ముఖ్యం. కాంతారావుది స్పష్టమైన ఉచ్చారణ. ఉర్దూ రాజ్యం నుంచి వచ్చిన మనిషి గ్రాంథికం పలికినా ఒక్క అక్షరం నలగదు.

ఈ సంగతి మనకే పరిమితం కాదు. అమెరికాలో సూపర్‌మ్యాన్ తెర మీదికి రాకముందే, 1940లో రేడియోలో వచ్చాడు. బడ్ కాలియర్ అనే నటుడు గొంతు మాత్రమే ఇచ్చాడు. పత్రికా విలేకరిగా ఉన్నప్పుడు సన్నని గొంతు, సూపర్‌మ్యాన్ కాగానే అదే గొంతు లోతుకు దిగేది. బట్టలు మార్చుకోవడం కనిపించదు గనుక గొంతు మార్చుకునేవాడు. ఎగరడమంటే గాలి హోరు. 1943లో ఆ రేడియో కథల్లోనే మొదటిసారి క్రిప్టోనైట్ అనే రాయి వచ్చింది. అది దగ్గరకు వస్తే ఎంతటి సూపర్‌మ్యాన్ అయినా నీరుగారిపోతాడు. మన చిలుక మాంత్రికుడికి, వారి రాయి వీరుడికి. అంత బలవంతుణ్ణి కూడా పడగొట్టే ఉపాయం లేకపోతే వినేవాడు రేడియో కట్టేస్తాడని వారికి కూడా తెలిసింది.

కాంతారావును ఒక్క కత్తికే కట్టేయడం న్యాయం కాదు. 1961లో సీతారామ కల్యాణంలో నారదుడు, 1963లో లవకుశలో లక్ష్మణుడు, అదే ఏడు నర్తనశాలలో శ్రీకృష్ణుడు ఆయనే. శ్రీకృష్ణ తులాభారం (1966)లో మళ్లీ నారదుడు. రాముడి ఆజ్ఞ మేరకు నిండు చూలాలైన సీతమ్మను అడవిలో విడిచి వచ్చే లక్ష్మణుడుగా ఆయన ముఖం చూసి కొంగుతో కళ్లు ఒత్తుకోని ఆడవారు లేరంటే అతిశయోక్తి కాదు. అక్కడ కత్తి లేదు, మాయ లేదు. చెయ్యలేనన్న మాట నోట్లోనే మింగే మనిషి ఉన్నాడు. మొత్తం నాలుగు వందలకు పైగా చిత్రాల్లో నటించారు.

1970 దాటాక గాలి మారింది. రంగుల సాంఘిక చిత్రాలు వచ్చాయి. రాకుమారుడి స్థానంలో తుపాకి పట్టిన గూఢచారి, తర్వాత ఫ్యాక్టరీ గేటు దగ్గర తిరగబడే కుర్రవాడు వీరులయ్యారు. కిరీటాలు, కవచాలు అద్దె కొట్ల అటకలెక్కాయి. ఆ మార్పు సరిగ్గా వస్తున్న సమయంలోనే కాంతారావు నిర్మాతగా మారారు. 1969లో సప్తస్వరాలు, గండరగండడు తీశారు. మరికొన్ని కూడా తీశారు. చివరగా 1989లో స్వాతిచినుకులు. పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. గుడిబండ భూములు అమ్ముడుపోయాయి. మద్రాసులో సంపాదించింది కూడా పోయింది.

ఇక్కడ ఒక మాట. సినిమా తీసి దెబ్బ తిన్న నటులు తెలుగులో చాలామంది ఉన్నారు. కాంతారావు విషయంలో జనానికి ఎక్కువ బాధ కలగడానికి కారణం ఆయన వేసిన వేషాలే. తెర మీద ఆయన రాజ్యం పోయిన ప్రతిసారీ చివరి రీలులో తిరిగి వచ్చింది. ఎవరో ముని ప్రత్యక్షమై ఖడ్గం ఇచ్చేవాడు. అప్పుల వాళ్లు వచ్చినప్పుడు అలాంటి మునులు రారు. ఒకనాటి కథానాయకుడు పూట గడవడం కోసం ఒక్క సీను వేషాలు, ముసలి తండ్రి వేషాలు ఒప్పుకున్నారు. పాత చిత్రాలు ఎన్నిసార్లు ఆడినా ఆనాటి ఒప్పందాల ప్రకారం నటుడికి అందులో వాటా లేదు.

2000 సంవత్సరానికి రాష్ట్ర ప్రభుత్వం ఆయనకు రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చింది. తెలుగు సినిమాకు చేసిన సేవకు ఇచ్చే పెద్ద గౌరవం అది. చివరి సంవత్సరాలు హైదరాబాదులో గడిపారు. క్యాన్సరుతో బాధపడుతూ 2009 మార్చి 22న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 85.

ఆయన నటించిన జానపద చిత్రాలు ఇప్పుడు సెల్‌ఫోన్లలో దొరుకుతున్నాయి. జ్వాలాద్వీప రహస్యం దొరికితే పిల్లలకు చూపించండి. ట్రిక్కులకు నవ్వుతారు, నవ్వనివ్వండి. కత్తియుద్ధం వచ్చినప్పుడు మాత్రం ఫోన్ బోర్లా పెట్టి ఒక నిమిషం ఊరికే వినమనండి. ఎవరు గెలుస్తున్నారో చెప్పగలరేమో చూడాలి.