లండన్ కార్మికుల ప్రతినిధిగా టాటా మేనల్లుడు

1926 మే నెలలో బ్రిటిష్ సమాజం రెండుగా చీలిపోయింది. బొగ్గు గని కార్మికులకు బాసటగా దాదాపు 17 లక్షల మంది ఇతర కార్మికులు పని మానివేశారు. వారి స్థానంలో రైళ్లు, బస్సులు నడిపేందుకు విశ్వవిద్యాలయ విద్యార్థులు, సంపన్న కుటుంబాల యువకులు ముందుకు వచ్చారు. ఆ సార్వత్రిక సమ్మె మొదటి రోజునే పోలీసులు అరెస్టు చేసిన వారిలో కామన్స్ సభ సభ్యుడొకరు ఉన్నారు. ఆయన బొంబాయిలో జన్మించిన పార్సీ. భారత పరిశ్రమలకు ఆద్యుడైన జంషెడ్జీ టాటాకు స్వయానా మేనల్లుడు. ఆయన పేరు షాపూర్జీ సక్లత్‌వాలా.

సక్లత్‌వాలా 1874 మార్చి 28న జన్మించారు. తండ్రి దొరాబ్జీ వర్తకుడు, తల్లి జెర్బాయి జంషెడ్జీ సోదరి. బొంబాయిలోని సెయింట్ జేవియర్ విద్యాసంస్థలో ఆయన చదువుకున్నారు. 19వ శతాబ్ది చివరి సంవత్సరాల్లో ఆ నగరాన్ని ప్లేగు మహమ్మారి కబళించినప్పుడు, టీకామందు కనుగొన్న శాస్త్రజ్ఞుడు హాఫ్‌కిన్‌కు సహాయకుడిగా పేదల వాడల్లో పనిచేశారు. తదుపరి టాటా సంస్థ తరఫున తూర్పు భారతంలోని అడవుల్లో ఇనుప ఖనిజం, బొగ్గు నిక్షేపాల అన్వేషణలో పాలుపంచుకున్నారు. మలేరియాతో ఆరోగ్యం దెబ్బతినడంతో 1905లో ఇంగ్లండు చేరి, టాటాల మాంచెస్టర్ కార్యాలయంలో బాధ్యతలు చేపట్టారు.

చికిత్స నిమిత్తం డెర్బీషైర్‌లోని మాట్లాక్‌లో ఉన్న సమయంలో శ్రామిక కుటుంబానికి చెందిన సారా మార్ష్‌తో పరిచయం కలిగింది. 1907లో వారి వివాహం జరిగింది. వారికి ఐదుగురు సంతానం. మొదట్లో ఉదారవాదుల క్లబ్బులో సభ్యుడైన సక్లత్‌వాలా, అక్కడి వాతావరణంతో విసిగి 1909లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీలో చేరారు. 1917లో భారత కార్మిక సంక్షేమ సంఘం స్థాపకులలో ఒకరయ్యారు. 1921లో కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం స్వీకరించారు. రాజకీయాల కారణంగా అనంతర కాలంలో టాటా సంస్థ ఉద్యోగాన్ని కూడా వదులుకున్నారు.

భారత కార్మికుని ఆకలికీ, బ్రిటిష్ కార్మికుని నిరుద్యోగానికీ మూలం ఒక్కటేనన్నది ఆయన రాజకీయాలకు పునాది. బెంగాల్ జనపనార మిల్లుల్లో నామమాత్రపు వేతనం చెల్లించినంత కాలం స్కాట్లండ్‌లోని డండీ మిల్లు కార్మికులకు భద్రత ఉండదని ఆయన వాదించేవారు. సామ్రాజ్యం వల్ల లాభపడేది పెట్టుబడిదారులే తప్ప బ్రిటిష్ ప్రజలు కారని సభలోనూ, వీధి సభల్లోనూ నిరంతరం చెప్పేవారు.

ఈ వాదనను ఆదరించింది దక్షిణ లండన్‌లోని బాటర్సీ. రైల్వే కార్మికులు, ఫ్యాక్టరీ కూలీలు అధికంగా నివసించే ఆ ప్రాంతం 1913లోనే నల్లజాతీయుడైన జాన్ ఆర్చర్‌ను మేయర్‌గా ఎన్నుకుంది. ఆ ఆర్చర్ మద్దతుతో సక్లత్‌వాలా 1922 ఎన్నికల్లో లేబర్ పార్టీ ఆమోదం పొందిన అభ్యర్థిగా ఉత్తర బాటర్సీ నుంచి గెలుపొందారు. కామన్స్ సభకు ఎన్నికైన మూడవ భారతీయుడాయన. అంతకు ముందు 1892లో లిబరల్ పార్టీ పక్షాన దాదాభాయి నౌరోజీ, 1895లో కన్సర్వేటివ్ పార్టీ పక్షాన మంచెర్జీ భౌనగ్రీ ఎన్నికయ్యారు. ముగ్గురూ పార్సీలే.

1923లో ఓటమి పాలైన సక్లత్‌వాలా 1924 అక్టోబర్‌లో తిరిగి పోటీ చేశారు. పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు, సోవియట్ నాయకుడు జినోవియెవ్ రాసినట్లు చెప్పిన లేఖ ఒకటి పత్రికలో వెలువడి ఎర్రజెండా భయాన్ని రాజేసింది. అది కల్పిత లేఖ అన్న అభిప్రాయమే తరువాతి కాలంలో స్థిరపడింది. కన్సర్వేటివ్ పార్టీ 400కు పైగా స్థానాలతో ఘనవిజయం సాధించి, స్టాన్లీ బాల్డ్విన్ ప్రధాని అయ్యారు. అంతటి ప్రభంజనంలోనూ బాటర్సీ ఓటర్లు కమ్యూనిస్టు అభ్యర్థిగానే సక్లత్‌వాలాను గెలిపించారు.

1925 ఏప్రిల్‌లో ఆర్థిక మంత్రి విన్‌స్టన్ చర్చిల్ పౌండును యుద్ధ పూర్వపు విలువకే, అంటే 4.86 డాలర్లకు, బంగారంతో ముడిపెట్టారు. ఫలితంగా బ్రిటిష్ బొగ్గు విదేశీ విపణిలో ప్రియమైంది. గని యజమానులు వేతనాల కోతకు, పని గంటల పెంపునకు పూనుకున్నారు. ప్రభుత్వం తొమ్మిది నెలలు సబ్సిడీ చెల్లించి 1926 ఏప్రిల్ 30తో నిలిపివేసింది. మరునాడే సుమారు పది లక్షల మంది గని కార్మికులకు లాకౌట్ ఎదురైంది.

ఆ మే దినాన హైడ్ పార్కు సభలో సక్లత్‌వాలా ప్రసంగిస్తూ, కార్మికులపై కాల్పులకు పాల్పడవద్దని సైనికులకు విజ్ఞప్తి చేశారు. మే 4న పోలీసులు ఆయనను నిర్బంధించారు. సత్ప్రవర్తనకు పూచీకత్తు ఇస్తే విడుదలయ్యే అవకాశం ఉన్నా నిరాకరించి, రెండు నెలల జైలు శిక్ష అనుభవించారు. ఆయన జైలులో ఉండగానే మే 12న కార్మిక సంఘాల కాంగ్రెస్ సమ్మెను విరమించింది. గని కార్మికులు ఒంటరిగా నవంబర్ వరకు పోరాడి, తక్కువ వేతనానికి, ఎక్కువ గంటలకు తలొగ్గారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం సానుభూతి సమ్మెలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది.

1927 ఆరంభంలో సక్లత్‌వాలా భారతదేశంలో పర్యటించారు. ఖాదీ ఉద్యమం కంటే కార్మికులను, కర్షకులను సంఘటితం చేయడమే ముఖ్యమని గాంధీజీతో బహిరంగంగా వాదించారు. గాంధీజీ ఆయన చిత్తశుద్ధిని గౌరవిస్తూనే మార్గాన్ని అంగీకరించలేదు. సక్లత్‌వాలా తిరిగి లండన్ చేరగానే కన్సర్వేటివ్ ప్రభుత్వం ఆయన భారత ప్రయాణ అనుమతిని రద్దు చేసింది. 1929లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం సైతం ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు. జన్మభూమిని ఆయన మళ్లీ చూడలేకపోయారు.

సొంత పార్టీతోనూ ఆయనకు సంఘర్షణ తప్పలేదు. 1927లో తన పిల్లలకు లండన్‌లో పార్సీ మతాచారం ప్రకారం నవ్‌జోత్ జరిపించినందుకు పార్టీ ఆయనను అభిశంసించింది. 1929 ఎన్నికల్లో లేబర్ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. అయినా మీరట్ కుట్ర కేసు నిందితుల పక్షాన ప్రచారం కొనసాగించారు.

1936 జనవరి 16న సక్లత్‌వాలా లండన్‌లో కన్నుమూశారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ స్వచ్ఛంద సైనికుల దళానికి ఆయన పేరు పెట్టారు. సానుభూతి సమ్మెలను నిషేధించిన చట్టం 1946లో రద్దయింది. ఆ మరుసటి సంవత్సరం భారతదేశం స్వతంత్రమైంది. ఆ రెండింటి కోసం జైలునూ, ప్రవాసాన్నీ భరించిన సక్లత్‌వాలా ఏ ఒక్కటీ చూడలేదు.