సుబ్బారావు మందు ఇచ్చారు... మనం ఆలస్యం చేయొద్దు

గర్భిణికి ఏఎన్‌ఎం ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర, కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర... ఈ రెండింట్లో ఒక్కటైనా మీ ఇంట్లో ఎవరో ఒకరు వాడే ఉంటారు. రెండింటి వెనకా ఉన్నది మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. రొమ్ము క్యాన్సర్ చికిత్స కూడా ఆయనకు ఎంతో రుణపడి ఉంది.

అన్నదమ్ముల్ని మింగిన జబ్బు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో మొదటి నుంచీ చురుకేమీ కాదు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకుని వెళ్లడం ఇంగ్లిషు ప్రొఫెసరుకు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతికొచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బు ఇద్దరు అన్నదమ్ములను రోజుల తేడాతో పొట్టనపెట్టుకుంది. ఆగని విరేచనాలు, రక్తహీనత, మనిషి చిక్కి శల్యమైపోవడం దాని లక్షణాలు. సుబ్బారావుకూ అదే జబ్బు సోకింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఈ జబ్బుకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పుడే మొదలైంది.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం ధర్మనిధి సాయంతో 1920ల తొలినాళ్లలో అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో చదువుకుంటూనే పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పని చేశారు. ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

తాళంలో ఇరుక్కున్న చెవి

అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది బాగా పనిచేసింది. అన్నదమ్ములను కాపాడుకోలేకపోయిన మనిషికి పాతికేళ్ల తర్వాత దొరికిన జవాబు అది.

ఆ జవాబులోంచే మరో మందు పుట్టింది. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. విచ్చలవిడిగా చీలే క్యాన్సర్ కణానికి అది మరీ అవసరం. అచ్చం దానిలాగే ఉండి, పని మాత్రం చేయని పదార్థాన్ని ఇస్తే? తాళంలో తప్పుడు చెవి ఇరుక్కున్నట్లు కణం ఆగిపోతుంది. అలా తయారైనవే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో పిల్లల్లో రక్త క్యాన్సర్‌ను కొంతకాలం అదుపు చేయగలిగారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన వయసు 53 ఏళ్లే.

ఆయన పోయాక 1951లో అమెరికా వైద్యురాలు జేన్ రైట్ మెథోట్రెక్సేట్‌తో రొమ్ము క్యాన్సర్ గడ్డలు తగ్గుతాయని చూపించారు. 1976లో ఇటలీ వైద్యుడు బొనడొన్నా ఆపరేషన్ తర్వాత మెథోట్రెక్సేట్‌తో పాటు మరో రెండు మందులు కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గుతుందని నిరూపించారు. ఇప్పుడు మరింత మెరుగైన మందులు వచ్చాయి. అయితే ఏ మందైనా గడ్డ చిన్నగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది.

తెల్లటి తెరలో తెల్లటి గడ్డ

మన కర్నూలు, కడప పల్లెల్లో ఆలస్యానికి కారణాలు మీకు తెలియనివి కావు. నొప్పి లేదు కదా అనుకుంటారు. బుడ్డలు పీకడం అయిపోయాక చూద్దాంలే అంటారు. మగ డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడతారు. చాలామందికి తెలియని కారణం మరొకటి ఉంది. అదే రొమ్ము సాంద్రత.

రొమ్ములో పాలగ్రంథులు, నార కణజాలం, కొవ్వు ఉంటాయి. మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, మిగతావి తెల్లగా కనిపిస్తాయి. క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. కొవ్వు తక్కువై, గ్రంథులు, నార ఎక్కువగా ఉన్న రొమ్మును సాంద్రమైన రొమ్ము అంటాం. వయసులో ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఇలాంటి రొమ్ములో గడ్డ మంచులో తెల్లకొంగలా కలిసిపోతుంది. పైగా సాంద్రతే ఒక ముప్పు. బాగా ఎక్కువ సాంద్రత ఉన్నవారికి, బాగా తక్కువ ఉన్నవారితో పోలిస్తే, క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు నాలుగు రెట్లు.

ఇది విని భయపడకండి. సాంద్రత జబ్బు కాదు, ఎంతోమందిలో మామూలే. చేత్తో తడిమితే గానీ, పరిమాణం చూస్తే గానీ తెలిసేది కాదు. మామోగ్రామ్ రిపోర్టులో ఏ నుంచి డీ వరకు నాలుగు తరగతులుగా రాస్తారు. సీ లేదా డీ అని ఉంటే అల్ట్రాసౌండ్ కూడా అవసరమా అని మీ డాక్టరును అడగండి. చేతికి గడ్డ తగులుతుంటే మాత్రం మామోగ్రామ్ నార్మల్ అని వచ్చినా ఊరుకోవద్దు. అల్ట్రాసౌండ్, అవసరమైతే సూదితో ముక్క పరీక్ష చేయించాల్సిందే. చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా, చర్మం సొట్టపడినా, చంకలో గడ్డ తగిలినా అంతే. 30 దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష ఉచితంగా చేస్తారు.

తన ఇంట్లో జబ్బుకు మందు దొరకక సుబ్బారావు సముద్రాలు దాటారు. ఇప్పుడు ఆ మందులు మన జిల్లా ఆసుపత్రుల దాకా వచ్చాయి. మీ అమ్మను, అక్కను ఈ వారంలోనే ఒక్కమాట అడగండి: గడ్డలాంటిదేమైనా చేతికి తగులుతోందా అని.