పీడబ్ల్యూడీ వదిలి కెమెరా పట్టిన ఇంజినీర్

ఏఈ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న సివిల్ ఫ్రెండ్స్ ఒకసారి రాజా దీన్‌దయాళ్ గురించి చదవాలి. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, 1866లో ఇండోర్ పీడబ్ల్యూడీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ఇప్పటి లెక్కలో ఆర్ అండ్ బీలో పర్మినెంట్ జాబ్ అన్నమాట. కెమెరా పట్టింది ఆ కొలువులో ఉండగానే, 1874లో. అప్పటికి ముప్పై ఏళ్లు.

ఆనాటి కెమెరాలో ఫ్రేమ్ చూడటమే పెద్ద పని. వెనకున్న గరుకు గాజు మీద బొమ్మ తలకిందులుగా, మసకగా పడుతుంది. దాని మీద బయటి వెలుతురు పడిందా, ఇక ఏమీ కనపడదు. ఫొటోగ్రాఫర్లు నల్లగుడ్డ కప్పుకునేది అందుకే. ఈ తలనొప్పి ఇంకా పోలేదు. సెకండ్ హ్యాండ్‌లో రేంజ్‌ఫైండర్ ఫిల్మ్ కెమెరా వెతికేవాళ్లను అడగండి. ఫోకస్ కుదిరిందో లేదో చూపే చిన్న గడి, పక్క నుంచి కాంతి కొడితే తెల్లబడిపోతుంది. 1954 నాటి లైకా ఎం3లో ఈ గొడవ పెద్దగా లేదు, 1984లో వచ్చిన ఎం6లో ఉంది, 2003 నాటి ఎంపీలో మళ్లీ సరిచేశారు. కొత్త మోడల్ కదా అని కళ్లు మూసుకుని కొనలేం.

దీన్‌దయాళ్ ముందున్న పాత-కొత్త పేచీ ఇంతకంటే పెద్దది. పాతది తడి ప్లేటు. గాజుకు మందు పూసి, ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అంటే ఎక్కడికెళ్లినా రసాయనాలు, నీళ్లు, చీకటి డేరా వెంట ఉండాల్సిందే. మన ఎండల్లో మందు ఇట్టే ఆరిపోతుంది. కొత్తగా వచ్చిన పొడి ప్లేటు తయారుగా దొరుకుతుంది, రెప్పపాటులో బొమ్మ పట్టేస్తుంది, తీరిగ్గా కడుక్కోవచ్చు. కానీ దాని మీది జెలటిన్ వేడి నీళ్లకు మెత్తబడుతుంది. ఆయన రెండూ వాడారు. నిజాం వేటలు, సైనిక విన్యాసాల్లాంటి కదిలే దృశ్యాలకు మాత్రం పొడి ప్లేటే దారి.

ఉద్యోగం విషయంలోనూ తొందరపడలేదు. సినిమాలో హీరోలా రాజీనామా విసిరేయలేదు. పదేళ్లకు పైగా రెండు పనులూ చేశారు. లెపెల్ గ్రిఫిన్ అనే అధికారితో బుందేల్‌ఖండ్ తిరిగి పాత కట్టడాలు ఫొటోలు తీశారు. లాంగ్ లీవ్ పెట్టి చూసుకున్నాకే కొలువు వదిలారు. నాకైతే ఆయన ఫొటోల కంటే ఈ ప్లానింగే ఎక్కువ నచ్చుతుంది.

1885లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలన్నీ అప్పుడు ఆ నిజాం ఏలుబడిలోవే. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో విడిగా ఇంకోటి తెరిచారు. అందులో ఫొటోలు తీసే పని ఒక బ్రిటిష్ మహిళకు అప్పగించారు. రాజా బిరుదు నిజాం ఇచ్చిందే. 1897లో విక్టోరియా రాణి కూడా తన ఫొటోగ్రాఫర్‌గా గుర్తింపు ఇచ్చింది.

1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.