తాతగారి కథ – మనవడి పట్టుదల

ప్రత్యేక సంచికకు గతించిన ప్రముఖుల జీవితాల మీద వ్యాసాలు పంపమని మన కార్యదర్శిగారు కోరగా, నేను సత్యజిత్ రాయ్ గారిని ఎంచుకున్నాను. ఆయన పేరు చెప్పగానే మనలో చాలామందికి ‘పథేర్ పాంచాలి’ గుర్తుకు వస్తుంది. రెల్లుపూల మధ్య పరుగెత్తే అక్కాతమ్ముళ్ళు, పేదరికం, వానలో పోయిన ప్రాణం. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ఇతర భాషల చిత్రాలు వేసే రోజుల్లో, ఇలాంటివి మొదలవగానే పిల్లలు ఒక్కొక్కరే లేచి వీధిలోకి పోయేవారు. అదే మనిషి దెయ్యాలతోను, మాయచెప్పులతోను, ఆకాశం నుండి దిగే మిఠాయి కుండలతోను ఒక నవ్వుల చిత్రం తీశారని మన వైపు తెలిసినవారు తక్కువ. దాని పేరు ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’. పాడే గూపీ, వాయించే బాఘా అని అర్థం. ప్రపంచమంతా పేరు వచ్చిన తరువాత కూడా ఆ ఒక్క చిత్రం తీయడానికి ఆయన ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగవలసి వచ్చిందో చెప్పడమే నా ఉద్దేశం.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. రాయ్ గారి తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి. 1863లో పుట్టారు. రచయిత, చిత్రకారుడు, వయొలిన్ వాద్యకారుడు, అన్నిటికీ మించి అచ్చు పనిలో దిట్ట. ఫొటోలను అచ్చులోకి దించే హాఫ్‌టోన్ బ్లాకుల మీద ఆయన చేసిన కృషిని ఇంగ్లండులో కూడా మెచ్చుకున్నారు. 1913లో పిల్లల కోసం ‘సందేశ్’ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. బెంగాలీలో ఆ మాటకు కబురు అనీ, ఒక మిఠాయి అనీ రెండర్థాలు. గూపీ, బాఘాల కథ ఆయన వ్రాసి బొమ్మలు వేసినదే, 1915లో ఆ పత్రికలో వచ్చింది. ఆ ఏడాది చివరనే ఆయన కన్నుమూశారు. కుమారుడు సుకుమార్ రాయ్ పత్రిక బాధ్యత తీసుకున్నారు. అర్థం పర్థం లేనట్టు కనిపించే తమాషా గేయాలలో బెంగాలీ సాహిత్యంలో ఆయనకు సాటి లేరు. ఆయనా కాలాజ్వరంతో 1923లో ముప్పై ఆరేళ్ళయినా నిండకుండా పోయారు.

సత్యజిత్ 1921 మే 2న పుట్టారు. తండ్రి పోయేనాటికి రెండున్నరేళ్ళవాడు. తాతగారిని చూడనే లేదు. ప్రెస్సు అప్పుల్లో పడి చేతులు మారింది, ఇల్లూ పోయింది. తల్లి సుప్రభాదేవి పిల్లవాణ్ణి తీసుకొని మేనమామల ఇంటికి చేరారు. కుట్టుపని నేర్పుతూ కొడుకును చదివించారు. ఇలాంటి తల్లులు మన ఇళ్ళలోనూ ఉన్నారు కనుక ఎక్కువ వివరించనక్కరలేదు.

ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన శాంతినికేతన్, 1943లో కలకత్తాలోని డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగం. జీతం నెలకు 80 రూపాయలు. ఆ ఉద్యోగం చేస్తూనే 1952లో ‘పథేర్ పాంచాలి’ మొదలుపెట్టారు. డబ్బు ఇచ్చే నాథుడు లేక జీవిత బీమా పాలసీని వదులుకొని, భార్య బిజయాదేవి నగలు తాకట్టు పెట్టారు. ఆఖరుకు ముఖ్యమంత్రి బి.సి. రాయ్ గారి చలవతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సొమ్ము మంజూరు చేసింది. పేరులో బాట ఉంది కదా అని దాన్ని రోడ్ల అభివృద్ధి పద్దు కింద వ్రాశారని ప్రసిద్ధి. పద్దుల పుస్తకాలతో జీవితం గడిపినవాణ్ణి కనుక ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. ఏ ఆడిటరూ అభ్యంతరం పెట్టకపోవడం దేశం చేసుకున్న అదృష్టం. చిత్రం 1955లో వచ్చింది, తరువాత సంగతి లోకవిదితం.

ఆయనలో హాస్యం మొదటినుండీ ఉంది. 1958లో ‘పరశ్ పాథర్’ తీశారు. ఒక నడివయసు గుమాస్తాకు ఇనుమును బంగారం చేసే రాయి దొరికితే ఏమవుతుందన్నది కథ. మన వర్గంవాడు కథానాయకుడైన చిత్రాలు ఎన్ని ఉన్నాయి చెప్పండి. 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి, ఎప్పుడో ఆగిపోయిన ‘సందేశ్’ పత్రికను మళ్ళీ ప్రారంభించారు. తాతగారి కథ తన బొమ్మలతో మళ్ళీ అచ్చయింది. ఇంట్లో కొడుకు సందీప్ అప్పటికి ఎనిమిదేళ్ళవాడు. నాన్న తీసేవన్నీ పెద్దవాళ్ళ ఏడుపు సినిమాలే, మాకోసం ఒకటి తీయరాదా అన్నది ఆ పిల్లవాడి ఫిర్యాదు. ఇటు తాత ఋణం, అటు కొడుకు కోరిక. రెంటికీ ఒకటే చిత్రం సరిపోతుందని రాయ్ గారికి తోచింది.

కథ క్లుప్తంగా ఇది. గూపీ ఒక కిరాణా వర్తకుడి కొడుకు. గొంతు ఘోరం, పాటంటే ప్రాణం. ఊరి పెద్దలు ఆట పట్టించడానికి రాజుగారి కోట ముందు తెల్లవారుజామున పాడమని ఎక్కిస్తారు. రాజు తంబురా విరగ్గొట్టించి, గాడిదనెక్కించి ఊరినుండి వెళ్ళగొడతాడు. ఇలాగే తరిమివేయబడ్డ డోలు వాయించే బాఘా అడవిలో కలుస్తాడు. ఆ రాత్రి దెయ్యాల రాజు ప్రత్యక్షమై మూడు వరాలిస్తాడు. చేతులు చరిస్తే కోరిన తిండీ బట్టలూ, చెప్పులు తొడిగితే కోరిన చోటికి ప్రయాణం, వీళ్ళు పాడి వాయిస్తే విన్నవారు కదలకుండా నిలబడిపోవడం. ఈ మూడింటితో వాళ్ళు షుండి, హల్లా అనే రెండు రాజ్యాల మధ్య యుద్ధాన్ని ఆపుతారు.

పిల్లల కథే గదా, ఎవరైనా డబ్బు పెడతారనుకుంటాం. ఎవరూ పెట్టలేదు. రెండు రాజుల కోటలు, సైన్యాలు, ఒంటెలు, దెయ్యాలు, మాయలు, పాటలు ఉన్నాయి గనుక ఖర్చు ఆయన అంతకుముందు తీసిన వాటన్నిటికంటే ఎక్కువ. కథానాయిక లేదు, ప్రేమ లేదు. పిల్లల చిత్రానికి టిక్కెట్టు కొనేదెవరని పంపిణీదారుల ప్రశ్న. ‘మహానగర్’, ‘చారులత’, ‘నాయక్’ వంటి చిత్రాలకు పెట్టుబడి పెట్టిన ఆర్.డి. బన్సల్ గారే దీనికి వెనుకాడారు. పైగా రాయ్ చిత్రమంటే మేధావులకే అన్న ముద్ర ఒకటి పడింది. విదేశాల్లో వచ్చిన బహుమతులు ఇంటి దగ్గర అప్పు పుట్టించలేకపోయాయి.

చివరకు బొంబాయి వైపు చూశారు. రాజ్ కపూర్ గారు సొమ్ము పెట్టడానికి సిద్ధపడ్డారు. అయితే ఒక షరతు. రెండు ముఖ్య పాత్రలూ తన తండ్రి పృథ్వీరాజ్ కపూర్, తమ్ముడు శశి కపూర్ వేయాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఏళ్ళ తరబడి వెదికితే దొరికిన ధనవంతుడు, దేశమంతా మార్కెట్టు ఉన్న పేర్లు. ఎవరైనా సరేననేవారే. పృథ్వీరాజ్ గారు గొప్ప నటులు, సందేహం లేదు. అక్బరు పాదుషాగా సింహాసనం మీద కూర్చుంటే కళ్ళు చెదిరేవి. ఆయన గాడిదమీద ఊరేగే బెంగాలీ పల్లెటూరి వెర్రిబాగులవాడవుతారా? రాయ్ గారు కాదన్నారు. ఆయనకు కావలసింది ఊరు నవ్వుతూ తరిమేయదగ్గ ఇద్దరు సామాన్యులు. తన అభిమాన నటుడు సౌమిత్ర ఛటర్జీకి గూపీ వేషం మీద ఎంతో ఆశ ఉన్నా, ముఖంలో పల్లెతనం లేదని ఆయనకూ ఇవ్వలేదు. ఒక దశలో కిశోర్ కుమార్‌ను అనుకున్నారు గాని కుదరలేదు. ఆఖరుకు గూపీగా తపేన్ ఛటర్జీ అనే దాదాపు కొత్త మనిషిని, బాఘాగా పొట్టి రవి ఘోష్‌ను తీసుకున్నారు.

ఈ మధ్యలోనే, 1967లో, మరొక ఆశ కూడా కలిగి భగ్నమైంది. బెంగాల్ పల్లెలో దిగిన గ్రహాంతరవాసి గురించి ‘ద ఏలియన్’ అనే కథ వ్రాసుకొని, కొలంబియా కంపెనీ పిలుపుమీద హాలీవుడ్ వెళ్ళారు. మధ్యవర్తి వ్యవహారాల వల్ల అది ఎటూ తేలక ఆగిపోయింది. ఆ ఏడాది చివరలో కలకత్తాకు చెందిన పూర్ణిమా పిక్చర్స్ వారు, నేపాల్ దత్తా, అసీమ్ దత్తా గార్లు, గూపీ బాఘాలకు పెట్టుబడి పెట్టడానికి ముందుకు వచ్చారు. అయితే చిత్రమంతా రంగులలో తీసేంత సొమ్ము లేదు. రంగుల ఫిల్ము అప్పట్లో విదేశాలనుండి రావలసిందే. 1962లోనే ‘కాంచనజంఘ’ రంగులలో తీసిన మనిషి, ఇలాంటి కథను నలుపు తెలుపులలో తీయడానికి సమ్మతించారు. చిట్టచివరి ఘట్టం మాత్రం రంగులలో ఉంటుంది. వేషధారుల విషయంలో రాజీపడని వ్యక్తి రంగుల విషయంలో రాజీపడ్డారన్న మాట. ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో ఆయనకు స్పష్టంగా తెలుసునని నా అభిప్రాయం.

బీర్‌భూమ్ పల్లెల్లోను, రాజస్థాన్‌లోని బుందీ, జైసల్మేర్ కోటల దగ్గర, మంచు కోసం సిమ్లా పక్కన కుఫ్రీలోను చిత్రీకరణ జరిగింది. వెళ్ళవలసిన ఊరి పేరు మరచిపోయి మరేదో పలకడం వల్ల మిత్రులిద్దరూ ఒకసారి మంచులోను, ఒకసారి ఎడారిలోను పడతారు, అందుకన్నమాట ఆ మంచు. హల్లా సైన్యం కోసం జైసల్మేర్ దగ్గర వందల ఒంటెలను పోగుచేశారు. పాటలు, సంగీతం, దుస్తుల నమూనాలు అన్నీ రాయ్ గారివే. దెయ్యాల రాజు గొంతు కూడా ఆయనదే, టేపు వేగం మార్చి వింతగా వినిపించారు.

దెయ్యాల నృత్యం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆరు నిమిషాలకు పైగా మాట ఒక్కటి లేదు. రాజుల దెయ్యాలు, రైతుల దెయ్యాలు, తెల్లదొరల దెయ్యాలు, బాగా బలిసిన పెద్దమనుషుల దెయ్యాలు అని నాలుగు జట్లు. ఆడి, కొట్లాడుకొని, చివరకు నాలుగు వరుసలుగా ఒకరిమీద ఒకరు నిలిచి ఆడతాయి. దొరల దెయ్యాలను కెమెరా వేగం తగ్గించి తీయడంతో బొమ్మల్లా కుదుపుతూ కదులుతాయి. దీనికి సంగీతం ఏమిటనుకున్నారు? మన దక్షిణాది తాళవాద్య కచేరీ! మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్, నాలుగు జట్లకు నాలుగు వాద్యాలు. బెంగాలీ దెయ్యాలు మన కచేరీ వాద్యాలకు చిందులు వేయడం చూస్తే ఏ తెలుగువాడికైనా ముచ్చట వేస్తుంది.

మనకు మరో బంధుత్వమూ ఉంది. హల్లా మంత్రి దగ్గర మందులూ మాయలూ తయారుచేసే బర్ఫీ అనే గడ్డం మాంత్రికుడి వేషం వేసినది హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ్ గారు. సరోజినీ నాయుడు గారి తమ్ముడు, మన హైదరాబాదులో పుట్టినవారు. 1952లో మొదటి లోక్‌సభకు విజయవాడనుండి గెలిచిన సభ్యులూ ఆయనే. ‘బావర్చీ’లో తాతగారిగా చూసిన వారికి ముఖం గుర్తుండే ఉంటుంది.

యుద్ధం ఆగే ఘట్టం ఎంత తమాషాగా ఉంటుందో అంత నొప్పిస్తుంది. హల్లా సైనికులు తిండి లేక ఎండిపోయి ఉంటారు, మంత్రి మాత్రం కూర్చుని మెక్కుతుంటాడు. యుద్ధానికి కదలమంటే వాళ్ళు కదల్లేరు. గూపీ పాట అందుకోగానే ఆకాశం నుండి మిఠాయి కుండలు దిగుతాయి. సైన్యం ఆయుధాలు పారేసి కుండల మీద పడుతుంది. 1962, 1965 యుద్ధాలూ, 1966లో బెంగాల్‌లో తిండిగింజల కోసం జరిగిన ఆందోళనలూ చూసిన ప్రేక్షకులకు అందులోని సంగతి వేరే చెప్పవలసిన పని లేకపోయింది. మనం కూడా రేషను క్యూలలో పెరిగినవాళ్ళమే.

1969 మే నెలలో కలకత్తాలో విడుదలైంది. పిల్లలు పెద్దలను లాక్కొని వచ్చారు, పెద్దలు మళ్ళీ తామే వచ్చారు. దాదాపు ఏడాదిపాటు ఆడింది. ఆయన చిత్రాలలో అంత జనాదరణ అంతకుముందు దేనికీ రాలేదు. పాటలు వీధుల్లో పిల్లల నోట వినిపించాయి, అనూప్ ఘోషాల్ అనే యువగాయకుడికి ఒక్కసారిగా పేరు వచ్చింది. 1968 సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వం రెండూ దీనికే దక్కాయి. విదేశీ విమర్శకులు మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళకు బెంగాలీ దెయ్యాలు ఒక పట్టాన లొంగలేదేమో.

1980లో రెండవ భాగం ‘హీరక్ రాజార్ దేశే’ వచ్చింది. మాటలు చాలావరకు ప్రాసతో సాగుతాయి. ప్రజల మెదళ్ళు కడిగించే నిరంకుశ రాజు కథ అది. నిర్మాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వమే, ఈసారి రోడ్ల పద్దుతో పని పడలేదు. 1983లో గుండెజబ్బు వచ్చాక రాయ్ గారు బయట చిత్రీకరణలు తగ్గించుకున్నారు. గూపీ బాఘాలకు మూడవ కథ వ్రాసి, పాటలూ సంగీతమూ సమకూర్చి, దర్శకత్వం కొడుక్కు అప్పగించారు. చిన్నప్పుడు మాకోసం ఒకటి తీయరాదా అని అడిగిన సందీప్, తల నెరుస్తున్న తపేన్ ఛటర్జీ, రవి ఘోష్‌లకు అవే వేషాలు మళ్ళీ కట్టించి ఆ చిత్రం పూర్తి చేశారు. 1992 మార్చిలో ఆస్కార్ గౌరవ పురస్కారం కలకత్తా ఆసుపత్రి మంచం దగ్గరకే వచ్చింది. భారతరత్న కూడా ఆ ఏడాదే ప్రకటించారు. ఏప్రిల్ 23న రాయ్ గారు కన్నుమూశారు.