స్పెల్లింగ్ మారిన సుబ్బారావు

మాదాపూర్‌లో ఇంటర్వ్యూలకి తిరిగేవాళ్లకి ఈ టెన్షన్ బాగా తెలుసు. టెన్త్ మెమోలో పేరు ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకోటి. నా మొదటి ఉద్యోగం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చి వారం రోజులు ఆగిపోయింది. మన తెలుగాయన ఒకరి పేరైతే ఏకంగా సైన్స్ పుస్తకాల్లోకి వెళ్తూ చివరి అక్షరం పోగొట్టుకుంది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకుపోయింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకుని సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం తెప్పించారు. ఫలితంగా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్.

1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగే పని. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ ల్యాబ్ పుస్తకాల్లో అది ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారో పద్ధతే. కణాల్లో శక్తిని మోసే ఏటీపీని 1929లో ఇద్దరూ వేరుచేశారు. అయినా హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ల్యాబ్స్‌కి మారారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన స్ప్రూకి మందుగా పనికొచ్చింది అదే. బోదకాలు జబ్బుకి హెట్రజాన్, పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి అమినోప్టెరిన్ కూడా ఆ టీమ్ నుంచే వచ్చాయి.

ఆయన విభాగంలోనే బెంజమిన్ డుగ్గర్ మిస్సోరీ మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి ఆరియోమైసిన్ తీశారు. నేటి డాక్సీసైక్లిన్‌కి అది పెద్దక్క లాంటిది. ఆ బ్యాక్టీరియా పేరు స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. మొదటి మాట ప్రజాతి, అంటే ఇంటిపేరు లాంటిది. రెండోది జాతి, అంటే సొంత పేరు. ఇంగ్లిష్‌లో మొదటిది పెద్దక్షరంతో, రెండోది చిన్నక్షరంతో, రెండూ ఇటాలిక్స్‌లో రాయాలి. ఫార్మా, బయోటెక్ ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

గ్రీకులో స్ట్రెప్టోస్ అంటే మెలితిరిగిన, మైసిస్ అంటే ఫంగస్. లాటిన్‌లో ఆరియోఫేసియన్స్ అంటే బంగారు రంగు పుట్టించేది. బ్యాక్టీరియాకి ఫంగస్ పేరేంటి అనొచ్చు. పోగుల్లా పెరుగుతుంది కాబట్టి ఫంగస్‌లా కనబడుతుంది. 1943లో పెట్టిన ఆ పేరు అలాగే ఉండిపోయింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. అమెరికా వెళ్లాక మళ్లీ ఇంటి ముఖం చూడలేదు.

ఐదేళ్ల తర్వాత, 1953లో, హెస్సెల్టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధిచేసే ఫిల్టర్లలో ఒక కొత్త ఫంగస్‌ని వర్ణించి, దాని ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. ఇది నిజంగానే ఫంగస్, స్ట్రెప్టోమైసిస్‌లా పేరుకి మాత్రమే కాదు. ఆయన ఇంగ్లిష్‌లో రాసుకున్న పేరు చివర డబ్ల్యూ ఉండేది. మైసిస్ వచ్చి అతుక్కోగానే అది రాలిపోయింది.

బంగారం పేరు ఆ బ్యాక్టీరియాకి వెళ్లింది. మన సుబ్బారావు పేరు మురుగునీటి ఫంగస్‌కి దక్కింది. చిన్నచూపు అనుకోకండి. ఆ మురుగుని శుభ్రం చేసే చోట బతికే జీవి అది. ఆయన చేసిన పని కూడా జబ్బుల మధ్య నిలబడి చేసిందే.

మీ సర్టిఫికెట్లలో స్పెల్లింగ్ తేడా ఉంటే మాత్రం ఈ వారమే సరిచేయించుకోండి. హెచ్‌ఆర్ వాళ్లు హెస్సెల్టైన్ అంత ఉదారంగా ఉండరు.