వులిమిరి రామలింగస్వామి
వులిమిరి రామలింగస్వామి (ఆగష్టు 8, 1921 - మే 28, 2001) ప్రముఖ వైద్య శాస్త్రవేత్త. పోషకాహార లోపముల వలన కలుగు వ్యాధులపై విశేష కృషి చేశాడు.

జననం, విద్య
ఈయన శ్రీకాకుళంలో జన్మించాడు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పూర్తి చేశాడు. 1951లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డి.ఫిల్. పట్టా పొందాడు.

విటమిన్ ఎ పరిశోధన
కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో ఈయన పనిచేశాడు. ఈ సంస్థయే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా మారింది. విటమిన్ ఎ లోపమనగానే రేచీకటి, అంధత్వము మాత్రమే స్ఫురించే రోజులలో, ఆ లోపము వలన కలిగే అతిసారమును గూర్చి 1948లో ఈయన పరిశోధనా వ్యాసము ప్రచురించాడు. ఈ లోపము వలన పేగుల, శ్వాసనాళముల లోపొర దెబ్బతిని, రోగక్రిములకు అడ్డు తొలగుతుంది. విటమిన్ ఎ లోపము శిశుమరణాలకు కూడా కారణమని 1980లలో ఇండొనేషియాలో జరిగిన అధ్యయనాలు చాటిచెప్పాయి.

శిశువులలో నిల్వ
విటమిన్ ఎ కాలేయములో నిల్వ ఉంటుంది. మాయ ద్వారా పిండమునకు చేరునది స్వల్పము కనుక, పుట్టిన బిడ్డలోను, లేగదూడలోను ఈ నిల్వ బహు తక్కువ. ఆ కొరతను తీర్చునవి ముర్రుపాలు. వాటిని పిండి పారబోయు ఆచారము వలన బిడ్డకు అందవలసిన మొదటి నిల్వయే అందకుండా పోతుంది. నిల్వ ఉన్నంత మాత్రాన చాలదు. కాలేయము నుండి రక్తములోనికి విటమిన్‌ను మోయుటకు ఒక ప్రత్యేక ప్రోటీను కావాలి. అందుచేత ప్రోటీన్లు కొరవడిన శిశువునకు ఉన్న నిల్వ కూడ సరిగా ఉపయోగపడదు. ప్రోటీన్ల లోపము వలన కాలేయములో కలిగే మార్పులను రామలింగస్వామి కోతులపై పరిశోధించాడు.

భారతదేశంలో పిల్లలకు ఆరు నెలలకొకసారి అధిక మోతాదులో విటమిన్ ఎ ఇచ్చే పథకం 1970లో మొదలైంది. దీనికి హైదరాబాదు సంస్థలో జరిగిన పరిశోధనలు ఆధారము. పుట్టిన వెంటనే ఇచ్చుట విషయంలో మాత్రం వివిధ దేశాల ఫలితాలు ఏకీభవించలేదు. 2003లో ప్రచురితమైన తమిళనాడు అధ్యయనము మరణాలు తగ్గినట్లు చూపినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో నవజాత శిశువులకు దీనిని సిఫారసు చేయలేదు.

ఇతర కృషి
హిమాలయ ప్రాంతములోని కాంగ్రా లోయలో 1956లో మొదలైన అధ్యయనము ద్వారా, అయొడిన్ కలిపిన ఉప్పు గాయిటర్ వ్యాధిని అరికట్టగలదని ఈయన నిరూపించాడు. దేశంలో అయొడిన్ ఉప్పు పంపిణీకి ఇది పునాది అయినది. 1969 నుండి 1979 వరకు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ డైరెక్టరుగాను, 1986 వరకు భారత వైద్య పరిశోధనా మండలి డైరెక్టర్ జనరల్‌గాను పనిచేశాడు. దక్షిణాసియా శిశువులలో పోషకాహార లోపము ఆఫ్రికాకంటె ఎక్కువగా ఉండుటకు స్త్రీల హీనస్థితి ముఖ్య కారణమని 1996లో సహరచయితలతో కలిసి ప్రతిపాదించాడు.

పురస్కారాలు
1976లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లియోన్ బెర్నార్డ్ పురస్కారము లభించింది. 1986లో లండన్ రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు.